డిప్రెషన్ మందులు వెంటనే ఎందుకు పనిచేయవు? సెరటోనిన్ విడుదల చేసే మందులపై ఆశలు, అడ్డంకులు

డిప్రెషన్‌కు మాత్రలు మొదలుపెట్టిన వాళ్లకు వారం తిరిగేసరికి వచ్చే మొదటి సందేహం ఒకటే: ఈ మందు పనిచేస్తోందా, లేదా? మేలు కనిపించడానికి సాధారణంగా 2 నుంచి 6 వారాలు పడుతుంది. వికారం, నిద్ర పట్టకపోవడం లాంటి ఇబ్బందులు మాత్రం ముందే వచ్చేస్తాయి. దీంతో కొందరు మధ్యలోనే మానేస్తారు. ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారికైతే ఈ ఎదురుచూపు ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే త్వరగా పనిచేసే మందు కోసం దశాబ్దాలుగా వెతుకులాట సాగుతోంది.

ఆలస్యం ఎందుకు?

సెరటోనిన్ అనేది మెదడులో నాడీకణాల మధ్య కబురు చేరవేసే రసాయనం. పని అయ్యాక కణం దాన్ని తిరిగి లోపలికి తీసేసుకుంటుంది. 1987లో అమెరికా అనుమతి పొందిన ఫ్లూక్సెటిన్, ఆ తర్వాత వచ్చిన సెర్ట్రాలిన్ వంటి మందులు ఈ దారిని మూసేస్తాయి. దాంతో కణాల మధ్య సెరటోనిన్ పెరుగుతుంది. కానీ సెరటోనిన్ ఎక్కువైందని పసిగట్టే గ్రాహకాలు ఆ కణాల మీదే ఉంటాయి. అవి బ్రేకు వేసి విడుదలను తగ్గిస్తాయి. ఈ బ్రేకు సడలడానికి వారాలు పడుతుంది. ఆలస్యానికి శాస్త్రవేత్తలు చెప్పే ప్రధాన కారణాల్లో ఇదొకటి.

విడుదల చేసే మందులు

కొన్ని పదార్థాలు దారిని మూయవు, వెనక్కి తిప్పుతాయి. లోపల నిల్వ ఉన్న సెరటోనిన్‌ను బయటికి తోసేస్తాయి. ఇక్కడ ఆ బ్రేకు పెద్దగా అడ్డుపడదు కాబట్టి ఫలితం త్వరగా రావచ్చన్నది ఆలోచన. అయితే చరిత్ర హెచ్చరికలతో నిండి ఉంది.

• ఆల్ఫా ఇథైల్‌ట్రిప్టమిన్: 1961లో అప్‌జాన్ కంపెనీ డిప్రెషన్ మందుగా తెచ్చింది. కొందరిలో తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవడంతో ఏడాది తిరిగేసరికి వెనక్కి తీసుకుంది. ఇది సెరటోనిన్‌ను విడుదల చేస్తుందని తర్వాతే తెలిసింది.

• ఫెన్‌ఫ్లూరమిన్: బరువు తగ్గడానికి వాడేవారు. గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని 1997లో అమెరికా మార్కెట్ నుంచి తొలగించారు. 2020లో డ్రావెట్ సిండ్రోమ్ అనే అరుదైన మూర్ఛ వ్యాధికి మళ్లీ అనుమతి వచ్చింది, గుండె పరీక్షలు తప్పనిసరి.

• ఎండీఎంఏ: మత్తు పదార్థంగా నిషేధంలో ఉంది. తీవ్ర మానసిక గాయం తర్వాత వచ్చే పీటీఎస్‌డీకి చికిత్సగా దీన్ని ఆమోదించేందుకు 2024 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు.

సెరటోనిన్ పెంచే మందులను ఒకదానితో ఒకటి కలిపితే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. తీవ్ర జ్వరం, కండరాల వణుకు, అయోమయం దాని లక్షణాలు. ఒక్కోసారి ప్రాణాంతకం కూడా.

మరో దారి

గంటల్లో ఫలితం చూపిన మందు చివరికి వేరే దారిలో దొరికింది. మత్తుమందు కెటమిన్ ప్రధానంగా గ్లూటమేట్ వ్యవస్థపై పనిచేస్తుంది. దాని రూపమైన ఎస్కెటమిన్ ముక్కు స్ప్రేకు 2019లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మిగతా మందులకు లొంగని డిప్రెషన్‌కే దీన్ని మొదట అనుమతించారు. ఇంట్లో వాడటానికి వీల్లేదు. తీసుకున్నాక కనీసం 2 గంటలు వైద్య సిబ్బంది కనిపెట్టుకుని ఉండాలి.

ఇప్పటికైతే చాలామందికి పాత మాత్రలే ఆధారం. మొదటి వారాల్లో మార్పు లేదని వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టర్‌తో మాట్లాడాలి. మనసు మరీ కుంగిపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.