2.8 పెద్దదా, 2800+ పెద్దదా? సెలెరాన్, సెంప్రాన్‌ల కథ



మొన్న ఒక తమ్ముడు ఫోటో పంపిండు. హాస్టల్ స్టోర్ రూములో దుమ్ము పట్టిన రెండు పాత డెస్క్‌టాప్‌లు. ఒకదాని మీద ఇంటెల్ సెలెరాన్ డి స్టిక్కరు, 2.8 గిగాహెర్ట్జ్. ఇంకోదాని మీద ఏఎండీ సెంప్రాన్ 2800+. ఆన్ చేసి చూస్తే ఈ రెండోది 2.0 గిగాహెర్ట్జే చూపిస్తున్నదట. "అన్నా, వీటిల్ల ఏది మంచిది? లైబ్రరీ రూముల ఒకటి పెట్టుకుంటం" అని అడిగిండు. చూసినోళ్లందరూ ఒక్కటే మాట అన్నరు: "2.8 పెద్దది కదా, అదే మంచిది. ఆ రెండోడు 2800 అని రాసి మోసం చేసిండు."

మేము చదువుకునే రోజుల్లో మేమూ అట్లనే అన్నం. తప్పు అన్నం. అందుకే ఈ పోస్టు కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి. ఇది రెండు చిప్పుల కథే, కానీ చివరికి మన దగ్గరికే వస్తది.

ముందు అప్పటి రోజులు గుర్తు చేసుకుందాం. 2004లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు కావు. మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండె. విడి జిల్లాలు అయ్యింది 2016 అక్టోబర్ 11న. సాంకేతిక చదువు మన దిక్కుకు కొత్తేమీ కాదు. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ 1959లోనే మొదలైంది. కానీ కంప్యూటర్ అనేది బస్టాండ్ పక్కన అద్దె గదుల్లోకి వచ్చింది మాత్రం 2000 తర్వాతనే. టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు తీసి ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ, పీజీడీసీఏ అని బోర్డు పెట్టిన్రు. పక్కన డీటీపీ సెంటర్ల పెళ్లి పత్రికలు, కరపత్రాలు. కొద్ది రోజులకు నెట్ సెంటర్లు. వీటిల్ల చాలా మటుకు కంపెనీ కంప్యూటర్లు కావు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ల విడి భాగాలు కొని, బస్సు మీద వేసుకొచ్చి బిగించినవి. అట్ల బిగించేటప్పుడు పెంటియం 4 కొనే స్తోమత లేనోళ్లకు దొరికేవి రెండే దారులు: ఇంటెల్ దాంట్ల సెలెరాన్, ఏఎండీ దాంట్ల ముందు డ్యూరాన్, తర్వాత సెంప్రాన్.

ఇప్పుడు సెలెరాన్ పుట్టుక సంగతి. 1998 ఏప్రిల్‌లో ఇంటెల్ మొదటి సెలెరాన్ తెచ్చింది. లోపల ఉన్నది పెంటియం 2 బుర్రనే. కానీ ధర తగ్గించడానికి ఒక్కటి తీసేసిన్రు: ఎల్2 క్యాష్. క్యాష్ అంటే ఇక్కడ డబ్బులు కాదు, ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న నిల్వ. మన భాషల చెప్పాలంటే, ఇంట్ల నీళ్ల కుండ క్యాష్. తండా మధ్యల బోరింగు ర్యామ్. దూరంగ ఉన్న కృష్ణా నది హార్డ్ డిస్క్. ఎంత చురుకైన మనిషైనా ఇంట్ల కుండ లేకుంటే ప్రతి గ్లాసు నీళ్లకూ బోరింగు దాకా పోవాల్సిందే. పని చేసేది తక్కువ, తిరిగేది ఎక్కువ. మొదటి సెలెరాన్ పరిస్థితి అదే అయ్యింది. అందరూ "దీనికి బుర్ర లేదు" అన్నరు.

అదే ఏడాది ఆగస్టులో 300ఏ అనే సెలెరాన్ వచ్చింది. అంతకుముందున్న సెలెరాన్ 300 వేగమూ 300 మెగాహెర్ట్జే, దీని వేగమూ 300 మెగాహెర్ట్జే. తేడా ఏమిటంటే చిప్పు లోపలనే 128 కేబీ ఎల్2 క్యాష్ పెట్టిన్రు. అంతే! అదే వేగం ఉన్న పెంటియం 2కు చాలా పనుల్లో దగ్గర దాకా వచ్చింది. బస్సు వేగం 66 నుంచి 100కు మార్చి, దాన్ని 450 మెగాహెర్ట్జ్ దాకా నడిపించినోళ్లు ప్రపంచమంతా ఉన్నరు. మరి బుర్ర లేదన్నది ఎవరిని? బుర్ర ముందు నుంచీ ఉండె. లేనిది కుండ.

2000 జూన్‌లో ఏఎండీ డ్యూరాన్ తెచ్చింది. దాని ఎల్2 క్యాష్ 64 కేబీనే, కానీ ఎల్1 క్యాష్ 128 కేబీ. రెండూ వేరువేరు సరుకు దాచుకుంటయి కాబట్టి మొత్తం 192 కేబీ పనికొచ్చేది. ఇటు ఇంటెల్ 2002లో సెలెరాన్‌ను పెంటియం 4 పద్ధతికి మార్చి, ఎల్2 క్యాష్ మళ్లా 128 కేబీనే ఇచ్చింది. గిగాహెర్ట్జ్ పెరిగింది, పని అంత పెరగలే.

ఇక మన స్టోర్ రూము చిప్పులకు వద్దాం. సెలెరాన్ డి 2004 జూన్‌లో వచ్చింది, సెంప్రాన్ జూలైలో. సెలెరాన్ డి 335 వేగం 2.8 గిగాహెర్ట్జ్, ఎల్2 క్యాష్ 256 కేబీ, బస్సు 533, గరిష్ఠ వేడి 73 వాట్లు. సాకెట్ ఏ సెంప్రాన్ 2800+ వేగం 2.0 గిగాహెర్ట్జ్, ఎల్2 క్యాష్ అదీ 256 కేబీనే, బస్సు 333, వేడి 62 వాట్లు. ఇంకో మాట: సెలెరాన్ డిలో "డి" చూసి డ్యూయల్ కోర్ అనుకునేటోళ్లు. కాదు, రెండింట్లోనూ కోర్ ఒక్కటే.

మరి 2.8 ఉన్నది 2.0 కంటే ఎందుకు గొప్పది కాదు? దీనికి పాలమూరు లేబర్ కంటే మంచి ఉదాహరణ లేదు. మన తాతలు దేశమంతా ప్రాజెక్టులు, కాలువలు తవ్వడానికి పోయినోళ్లే కదా. వరుసగా నిలబడి మట్టి తట్టలు చేతులు మార్చుకుంటరు. వరుసల 10 మంది ఉన్నరనుకోండి. ఒక్కొక్కరు కాస్త దూరం అందించాలి, అందుకే చేతులు నెమ్మదిగ కదుల్తయి. అదే దూరానికి 31 మందిని నిలబెడితే ఒక్కొక్కరి పని చిన్నది, చేతులు టకటక కదుల్తయి. చూసినోనికి ఈ వరుసే వేగంగ ఉన్నదనిపిస్తది. కానీ మేస్త్రీ వచ్చి "ఇటు కాదు, అటు పొయ్యాలె" అంటే? 31 మంది చేతుల్ల ఉన్న తట్టలన్నీ పారబోసి మళ్లా మొదటి నుంచి ఎత్తాలె. 10 మంది వరుసకు నష్టం తక్కువ. సెలెరాన్ డి లోపల పైప్‌లైన్ 31 మెట్లు. ఆ సెంప్రాన్‌ది 10 మెట్లు. ప్రోగ్రాముల్ల "ఇట్లయితే ఇటు, లేకుంటే అటు" అనే మలుపులు చాలా ఉంటయి. చిప్పు ముందే ఊహించుకొని నడుస్తది. ఊహ తప్పినప్పుడల్లా తట్టలు పారబోసుడే. గిగాహెర్ట్జ్ లెక్కపెట్టేది చేతుల కదలికను, గట్టు మీద పడ్డ మట్టిని కాదు.

అందుకే వీడియో మార్చడం లాంటి మలుపులు తక్కువ ఉన్న పనుల్ల సెలెరాన్ డి బాగనే నడిచేది. ఆఫీసు పనులు, ఆటల్ల 2.0 సెంప్రాన్ దానికి సమానంగానో కాస్త ముందో ఉండేది. బలహీనత సెంప్రాన్‌కూ ఉండె. దాని చిప్పు మీద లోహపు మూత ఉండదు, కూలర్ బిగించేటప్పుడు చెయ్యి జారితే మూల పగిలిపోయేది. సెలెరాన్‌కు మూత ఉన్నది. వేడెక్కితే అది తనంతట తనే నెమ్మదించి ప్రాణం కాపాడుకుంటది. గద్వాల ఎండాకాలంల, ఫ్యాను నిండా దుమ్ము ఉన్నప్పుడు, "పొద్దున మంచిగుంటది, మధ్యాహ్నం మొరాయిస్తది" అనుకునేటోళ్లం. కారణం అదే కావచ్చు.

మరి 2800+ అని రాయడం మోసమా? ఇక్కడ అసలు కిటుకు ఉన్నది. అదే ఏఎండీ వాళ్ల అథ్లాన్ ఎక్స్‌పీ 2400+ తీసుకోండి. అదీ 2.0 గిగాహెర్ట్జే, 256 కేబీనే, బస్సు మాత్రం 333 బదులు 266. ఇంచుమించు ఒకే చిప్పు. అథ్లాన్ జాబితాల దానికి 2400 నంబరు, సెంప్రాన్ జాబితాల 2800 నంబరు! ఎందుకంటే సెంప్రాన్ నంబరు సెలెరాన్‌ను ఎదురుగా పెట్టుకొని ఇచ్చింది. చిప్పు మారలే, పక్కన నిలబెట్టినోడు మారిండు. కాబట్టి ఆ నంబరు వేగమూ కాదు, అబద్ధమూ కాదు. ఏ జాబితాలదో తెలిస్తేనే దానికి అర్థం.

చివరికి ఇంటెల్ కూడ ఒప్పుకున్నది. 2004లోనే పేర్లల్ల గిగాహెర్ట్జ్ తీసి 335 లాంటి నంబర్లు పెట్టింది. 2006లో కోర్ పద్ధతికి మారింది. 2007లో వచ్చిన సెలెరాన్ 420 వేగం 1.6 గిగాహెర్ట్జే, అయినా 2.8 ఉన్న పాత సెలెరాన్ డి కంటే ఎక్కువ పని చేసింది.

ఇంకో సంగతి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 సర్కారు హైస్కూళ్లల్ల కంప్యూటర్ ల్యాబులు పెట్టినప్పుడు, ఎన్‌కంప్యూటింగ్ పరికరాలతో ఒక్క కంప్యూటర్‌కే పలు మానిటర్లు, కీబోర్డులు తగిలించిన్రు. పిల్లలు టైపు చేస్తుంటే ప్రాసెసర్ చాలా సేపు ఖాళీగనే ఉంటది, అందుకే ఒక్కటి పది చేతులకు సరిపోయింది. అంటే మనం "స్లో" అని తిట్టిన కంప్యూటర్లల్ల చాలా మటుకు తప్పు ప్రాసెసర్‌ది కాదు. 256 ఎంబీ ర్యామ్ పెట్టి ఎక్స్‌పీ, యాంటీవైరస్, బ్రౌజర్ అన్నీ నడిపిస్తే, అది మాటిమాటికి హార్డ్ డిస్క్ దాకా, అంటే నది దాకా పోయి వచ్చేది. స్కాలర్‌షిప్ దరఖాస్తు చివరి రోజు నెట్ సెంటర్ల కూసొని, తిరిగే గుర్తును చూసుకుంట మేము తిట్టిన తిట్లన్నీ ఆ సెలెరాన్‌కే తగిలినయి. ఇంకో 256 ఎంబీ ర్యామ్ ముక్క పెడితే పోయే బాధ అది.

ఇది రాస్తుంటే మాకు కాలేజీ రోజులు యాదికొచ్చినయి. మొదటి సంవత్సరం చేరంగనే "నీ ర్యాంకెంత?" అని అడిగేటోళ్లు. చెప్తే ఒక నవ్వు. ఏ జాబితాలదో, ఏ మెట్టు నుంచి నడిచి వచ్చిన ర్యాంకో ఎవ్వరూ అడగలే. పెంటలోనో తండాలోనో పుట్టి, ఇంట్ల పుస్తకం లేక, అడిగితే చెప్పేటోళ్లు లేక, ప్రతి చిన్న దానికీ నది దాకా పోయి వచ్చిన పిల్లలం. ఆ నవ్వుకు భయపడి మాల ఒకరిద్దరు మధ్యల్నే చదువు ఆపేసిన్రు. వాళ్లకు బుర్ర లేక కాదు. అప్పుడు 300ఏ కథ మాకు తెలిసుంటే వాళ్లకు చెప్పుకునేటోళ్లం. అందుకే ఇప్పుడు మీకు చెప్తున్నం.

తమ్మునికి జవాబు: రెండిట్ల ఏది ఎక్కువ ర్యామ్ పడుతదో, ఏ బోర్డు కెపాసిటర్లు ఉబ్బకుండ ఉన్నయో అది తీసుకో. రెండూ సమానమైతే సెంప్రాన్ పెట్టు, కానీ కూలర్ జోలికి పోకు. దుమ్ము మాత్రం మెల్లగ దులుపు. రెండూ 32 బిట్ చిప్పులే, కాబట్టి కొత్త విండోస్ ఆశ పెట్టుకోకు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆగిపోయింది, దాన్ని నెట్‌కు తగిలించకు. టైపింగ్ నేర్చుకోవడానికి, పాత ప్రశ్నపత్రాలు దాచుకోవడానికి, సీ ప్రోగ్రాములు రాసుకోవడానికి అది చాలు.

ఆ లైబ్రరీ రూముకు కొత్తగ చేరిన పిల్లలు వస్తరు కదా. వాళ్లను ర్యాంకు అడగకుండ, ముందు కీబోర్డు ముందు కూసోబెట్టండి.