వీధిబడి యింటింటికి వచ్చిన దినములు

బడిలో బిల్లలు నేర్చినది యూరివారికి గనబఱచుట యెట్లని యీనా డుపాధ్యాయులు విచారించుచున్నారు. పలాస, టెక్కలి, ఉద్దానపు తీరము గంజాము జిల్లాలో నుండిన కాలమున, అనగా 1936నకు బూర్వము, తెలుగునాట బెక్కెడల నీ విచారమే లేదు. దసరాకు వీధిబడియే యింటింటికి నడచి వచ్చెడిది.

పండుగకు ముందు పంతులుగారు పద్యములు వల్లెవేయించెడివారు. పిల్లలు వెదురుబద్దలతో విల్లమ్ములు చేసికొని రంగుకాగితము లంటించెడివారు. క్రొత్తబట్టలు కట్టి, పంతులుగారు వెంటరాగా, ప్రతి యరుగు ముందఱను నిలిచి పాడెడివారు. గృహస్థుడు పంతులుగారికి గట్నమిచ్చి, పిల్లలకు బప్పుబెల్లములు పంచెడివాడు. దీనిని వట్టి వేడుక యనువారితో నేను సమ్మతింపను. సర్కారు జీతమెఱుగని యా పంతులుగారి సంసారమున కది యొక యాధారము. పిల్లవాని నాలుక తడబడినచో నరుగుమీది పెద్దకు దెలియకపోదు. బడి బాగోగు లక్కడనే తేలెడివి.

ఇట్టి బడులు కొలదియని తలపవలదు. 1822లో సర్ తామస్ మన్రో చెన్నపురి రాజధానిలోని బడులను లెక్కింప నాజ్ఞాపించెను. 1826లో నాయన చూపిన లెక్క 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు.

1854 నాటి వుడ్ దొర తాకీదుతో గ్రాంటులు వచ్చెను; గ్రాంటుల వెంట ఇన్‌స్పెక్టరు వచ్చెను. పాఠ మొప్పజెప్పవలసినది యిక నాయనకే గాని, అరుగుమీది తాతకు గాదు. పంతులుగారి జీతమునకు నిలుకడ కలిగినందులకు సంతసింతును. అయినను బడి యూరికి గొంత పరాయిదయ్యె ననుట నిజము. పిమ్మట దసరాకు బడి మూసి సెలవులిచ్చు పద్ధతి స్థిరపడగా, పద్యములకు దావే లేకపోయెను.

ఈ యెడమును వేఱొక రీతిని దాటినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1880లో రాజమహేంద్రవరమున వారు తమ విద్యార్థులచేత దెలుగు నాటకము లాడించిరి. వానిలో నొకటి వ్యవహారధర్మబోధిని. అందు న్యాయవాదుల టక్కులు, కచ్చేరీల యక్రమములు బయలుపడును. ప్లీడర్లు కాపురమున్న పట్టణముననే, బడిపిల్లల నోట నా మాటలు పలికించుట సామాన్యమైన తెగువ కాదు. దసరా పద్యము దాతను బొగడినది. ఈ నాటకము పెద్దలను నిలదీసినది. రెండింటికిని బడియే పుట్టినిల్లు.

ఉద్దానపు గ్రామములలో దసరా పద్యములు కంఠస్థముగా వచ్చిన పెద్ద లింక నున్నచో, సెలవులకు ముందటి వారమున నొకపూట బడికి బోయి పిల్లలకు జెప్పుడని నా మనవి. విల్లమ్ములకు గావలసిన వెదురునకు మనవైపు గొదవ లేదు.