దోహదం

కడుపులో బిడ్డ కదలిక తొలిచూలు తల్లికి సాధారణంగా 18–20 వారాలకు తెలుస్తుంది. మలిచూలుకైతే ఇంకాస్త ముందే. సుశ్రుత సంహిత నాలుగో నెలనే ముఖ్యమంది: అప్పటికి బిడ్డ గుండె రూపుకట్టి, తల్లి రెండు హృదయాలు గలదవుతుంది కనుక ఆమె ‘దౌహృదిని’. ఆమె కోరితే బిడ్డ కోరినట్టే, తీర్చి తీరాలి.

ఈ దౌహృదమే ప్రాకృతంలో నలిగి ‘దోహదం’ అయిందని ఒక వ్యుత్పత్తి. మొదట గర్భిణి కోరిక. తర్వాత కవులు దాన్ని చెట్లకూ అంటగట్టారు: అశోకం పూయాలంటే పడతి కాలితాపు, పొగడకు ఆమె పుక్కిటి మద్యం. పూతకు చేసే ఆ ఉపచారం నుంచే తోడ్పాటు అన్న అర్థం వచ్చింది. ఇవాళ దిగుబడికీ గెలుపుకీ అన్నీ ‘దోహదపడేవే’. కోరిక అన్న అర్థం మాత్రం నిఘంటువులకూ కావ్యాలకూ పరిమితమైంది.