కలివికోడి సాక్ష్యాలు: ఔత్సాహిక పక్షి పరిశీలనలో నిరూపణ పద్ధతుల చరిత్ర

అడవిలో ఒక పక్షిని చూసి, దాని పేరు నిర్ధారించి, ఆ నిర్ధారణను ఇతరుల చేత ఒప్పించడానికి ఏ ఆధారం చాలునన్న ప్రశ్నకు నేటి ఔత్సాహికులకు వెంటనే తోచే సమాధానం ఛాయాచిత్రం. ఈ సమాధానం వయస్సు ఎక్కువ కాదు. పక్షిని గుర్తించడానికి కావలసిన సాక్ష్యం ఏమిటన్న భావన గత నూట డెబ్బై ఐదేళ్లలో పలుమార్లు మారింది. ఆ మార్పులన్నిటినీ ఒకే పక్షి కథలో చూడగల అవకాశం తెలుగునేలకు దక్కింది. ఆ పక్షి కడప మెట్టపొదల్లోని కలివికోడి.

పంతొమ్మిదో శతాబ్దపు భారతీయ పక్షిశాస్త్రం దాదాపు పూర్తిగా ఔత్సాహికుల సృష్టి. థామస్ జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు, నెల్లూరులోనూ పనిచేశాడు. అలన్ హ్యూమ్ రెవెన్యూ, పరిపాలనాధికారి. తీరిక వేళల్లో వీరు చేసిన పనికి ప్రధాన సాధనం తుపాకి. చంపి, చర్మం ఒలిచి, ఎండబెట్టి, చీటీ కట్టిన పక్షి మాత్రమే సాక్ష్యం. 1885లో హ్యూమ్ బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించిన నమూనాలు సుమారు 80 వేలు. ఈ అంకెను నేటి దృష్టితో చూసి ఖండించడం సులభమే కాని, ఆ చర్మాలే లేకపోతే తరువాతివారు పోల్చి చూసుకోవడానికి ప్రమాణమే ఉండేది కాదు. జెర్డన్ మరో మార్గాన్నీ వాడుకున్నాడు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి 1843–47 మధ్య మద్రాసులో ఒక చిత్రసంపుటి ప్రకటించాడు.

తూర్పు కనుమల నుంచి జెర్డన్ సేకరించిన ఒక పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ కొత్త జాతిగా వర్ణించాడు. రొమ్ముమీద రెండు గోధుమవన్నె పట్టీలు, కంటిపైన వెడల్పైన తెల్లని కనుబొమ్మ, గొంతున ఇటుకరంగు మచ్చ దాని గుర్తులు. శాస్త్రీయ నామంలోని ‘బైటార్క్వేటస్’ అన్న మాటకు రెండు కంఠహారాలు కలదని అర్థం. 1898లో బ్లాన్‌ఫర్డ్ తన గ్రంథంలో దీని తెలుగు పేరును ‘అడవ వుట తిట్టి’ అని చదువుకోదగిన రూపంలో ఇంగ్లీషు అక్షరాల్లో నమోదు చేశాడు. తొలిమాట ‘అడవి’ అన్నది స్పష్టమే. తక్కినది లిప్యంతరీకరణలో నలిగిపోయింది. అయినా ఆ నమోదు విలువైనది. శాస్త్రవేత్త కొత్తదనుకున్న పక్షికి ఊరివాళ్ల నోట అప్పటికే పేరుందని అది చెబుతున్నది.

గోదావరి లోయలో సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో బ్లాన్‌ఫర్డ్ దీన్ని చూశాడు. 1900లో అనంతపురం దగ్గర మరొక నమోదు ఉంది. ఆ తరువాత దీర్ఘమైన మౌనం. ఈ మౌనం మనం అనుకున్నంత సంపూర్ణం కాదని ఇటీవలే తేలింది. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించిన ఒక గుడ్డు స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు సంగ్రహంలో దశాబ్దాలపాటు పడి ఉంది. పాత చర్మాల నుంచి తీసిన డి.ఎన్.ఎ.తో పోల్చి అది కలివికోడిదేనని నిర్ధారించారు. సేకరించినవాడు పశువైద్యుడు, అంటే మరొక ఔత్సాహికుడు. అతని గుడ్డు సాక్ష్యంగా మారడానికి తొమ్మిది దశాబ్దాలు పట్టింది.

ఈలోగా తుపాకి స్థానంలోకి దుర్భిణి, కెమెరా వచ్చాయి. సలీం అలీ 1931–32లో నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు రాష్ట్రంలో జరిపిన సర్వే ఇంకా చర్మాల సేకరణమీదనే నడిచింది. 1941లో వెలువడిన ఆయన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ మాత్రం చంపకుండానే పక్షిని గుర్తుపట్టడం సామాన్య పాఠకుడికి నేర్పింది. రైల్వే ఉద్యోగి లోథర్ పక్షి ఛాయాగ్రహణంపై తన పుస్తకాన్ని 1949లో ప్రకటించాడు. నాటి కెమెరాలు బరువైనవి, దూరాన్ని దగ్గర చేయలేనివి. అందువల్ల పక్షి తప్పక తిరిగివచ్చే గూటి దగ్గర మాటు కట్టుకుని కూర్చోవడమే ఛాయాగ్రాహకుడికి మిగిలిన దారి. పగలు పొదలనీడన కదలక, చీకటి పడ్డాక తిరిగే కలివికోడి విషయంలో ఈ పద్ధతి పనికివచ్చేది కాదు.

1986 జనవరిలో అది మళ్లీ దొరికింది. దొరికిన తీరు గమనార్హం. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లా పల్లెల్లో పక్షి బొమ్మను చూపుతూ విచారించాడు. లంకమల కొండల దాపున రెడ్డిపల్లె దగ్గర రాత్రివేటకు వెళ్లిన స్థానికుడొకరు దీపపు వెలుగులో దాన్ని ప్రాణాలతో పట్టుకున్నాడు. పత్రికలు దీన్ని పునరావిష్కరణ అన్నాయి. ఆ మాట శాస్త్రలోకానికి వర్తిస్తుంది. కలివిపొదల పేరుతో దాన్ని పిలుచుకుంటున్న వారికి వర్తించదు. జెర్డన్ కాలంలో పేరు చెప్పిన జ్ఞానమే ఇప్పుడు పక్షినీ చూపింది.

తరువాతి దశలో సాక్ష్యం రూపం మరింత మారింది. రెండువేల సంవత్సరం అటూ ఇటూగా పి. జగన్నాథన్, రైస్ గ్రీన్ తదితరులు పొదలమధ్య మెత్తని మట్టి పరచి అడుగుజాడలు వెదికారు. ఈ వర్గపు పక్షులకు వెనుకవేలు ఉండదు కనుక మూడువేళ్ల ముద్ర ఒక సూచన అవుతుంది. అడుగు పడగానే తానంతట తాను తీసే కెమెరాలు ఆ సూచనకు ధ్రువీకరణనిచ్చాయి. కూతను కూడా తొలిసారి ధ్వనిముద్రణ చేసి 2004లో ప్రకటించారు. మునిమాపున కొద్ది నిమిషాలు వినిపించే ఆ కూత, చూడలేని పక్షిని వెదకడానికి ఛాయాచిత్రంకన్నా మెరుగైన సాధనమైంది. ఈ ఆధారాలు శాస్త్రపత్రికలకే పరిమితం కాలేదు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పొదల్లోకి చొచ్చుకువచ్చినప్పుడు, ఇక్కడ పక్షి ఉందని చూపగలిగినందువల్లనే కాలువ దారి మార్చడం సాధ్యమైంది.

ఇప్పుడు డిజిటల్ కెమెరా, చేతిఫోను ఉన్న ఎవరైనా చూసిన పక్షుల పట్టికను ఈబర్డ్ వంటి వేదికల్లో ఫోటోతో సహా నమోదు చేయగలరు. అరుదైన జాతులు కనిపించిన స్థలాన్ని ఆ వేదికే దాచిపెడుతున్నది. ఫోటోకోసం కూతను పదేపదే వినిపించి పక్షిని రప్పించడం దానికి హాని చేస్తుందన్న ఆందోళన ఔత్సాహికుల్లోనే పెరిగింది. తుపాకి పోయినా, నిరూపణకు పక్షి చెల్లించే మూల్యం పూర్తిగా పోలేదు. ఇక నమోదులో తేది, స్థలం, సంఖ్య, పరిశీలకుడి పేరు ఉంటాయి. పొద చూపించిన పశువుల కాపరి, అతను పలికిన పక్షిపేరు మాత్రం పరిశీలకుడు వ్యాఖ్యల గడిలో తనంతట తాను రాస్తే తప్ప చేరవు. లిపి తప్పుగానైనా ఆ పేరును 1898 నాటి గ్రంథం ముద్రించింది.