బార్డోలీ రైతుల వకాల్తా

శిస్తు కట్టనన్న రైతు తరపున వకీలు ఏ కోర్టులో నిలబడాలి? బొంబాయి ప్రెసిడెన్సీలో చట్టం ఇచ్చిన సమాధానం ఒక్కటే: ఏ కోర్టులోనూ కాదు. 1876 నాటి రెవెన్యూ జురిస్‌డిక్షన్ చట్టం భూమిశిస్తు నిర్ణయాన్ని సివిల్ కోర్టుల పరిధినుంచి తప్పించింది. ప్రామిసరీ నోటు తగాదాకు తలుపు తెరిచే న్యాయస్థానం, ఒక తాలూకా మొత్తంమీద పడ్డ శిస్తు భారం విషయంలో చెవులు మూసుకునేది. పన్ను వేసేవాడే తీర్పరి అన్నమాట! ఆంగ్లేయుల న్యాయపాలనను పొగిడేవారు ఈ చట్టం ఊసెత్తితే బాగుండును.

సూరతు జిల్లా బార్డోలీ తాలూకాలో ప్రభుత్వం శిస్తును సుమారు 22 శాతం పెంచింది. 1928 ఫిబ్రవరి 12న రైతులు కట్టమని తీర్మానించారు. నాయకుడు వల్లభ్‌భాయ్ పటేల్. ఆయనా బారిస్టరే, కాని అప్పటికే కోర్టు వదిలినవాడు. జప్తులు జరిగాయి, గేదెలను తోలుకుపోయారు. అయినా రైతు లొంగలేదు. ఆగస్టులో ప్రభుత్వమే విచారణకు ఒప్పుకుంది.

అప్పుడుగాని వకీలుకు చోటు దొరకలేదు. న్యాయశాఖనుంచి బ్రూమ్‌ఫీల్డు, రెవెన్యూనుంచి మాక్స్‌వెల్ విచారణకు కూర్చున్నారు. బొంబాయిలో పేరుమోసిన న్యాయవాది భూలాభాయ్ దేశాయ్ రైతుల పక్షాన వాదించాడు. పెంపుకు ఆధారంగా చూపిన కౌలు లెక్కలే నమ్మదగినవి కావని విచారణలో తేలింది. గ్రామానికి వెళ్లి కౌళ్లను సరిగా విచారించకుండానే సెటిల్‌మెంటు అధికారి పట్టికలు నింపాడు. 1929లో వచ్చిన నివేదిక ఆ 22 శాతాన్ని సుమారు 6 శాతానికి దించింది. భూలాభాయి ప్రతిభను తక్కువ చేయనక్కరలేదు. కాని ఆ గదికి తలుపు పెట్టించింది జప్తుకు తలవంచని రైతే.

మన పెదనందిపాడు కథ వేరు. 1921లో ప్రకాశం పంతులు ప్రాక్టీసు వదిలాడు. మరుసటి ఏడు ఆ ఫిర్కాలో శిస్తు నిలిపివేసినప్పుడు, బహిష్కరించిన కోర్టుకే పోయి వాదించడమన్న ప్రసక్తి లేదు. గాంధీజీ ఉద్యమాన్ని ఆపిన తర్వాత ఆ రైతులకు విచారణ సంఘమూ లేదు, శిస్తు కట్టడమే మిగిలింది.

బార్డోలీలో మరొక వర్గం ఉన్నది. పాటీదార్ల పొలాలు దున్నిన దుబ్లాలు. పెళ్లికి తీసుకున్న అప్పుకింద హాలీలుగా, తరతరాలుగా యజమానికి కట్టుబడినవారు. విచారణాంశం శిస్తు, శిస్తు కట్టేది భూమి ఉన్నవాడు. అందుచేత దుబ్లా వకాల్తా భూలాభాయి చేతిలో లేదు, విచారణాధికారుల బల్లమీదికి అతని అప్పు లెక్క రానూలేదు. తగ్గిన శిస్తు యజమాని ఇంట మిగిలింది. దుబ్లా మరునాడూ ఆ యజమాని నాగలే పట్టాడు.