రేగడి, జాలు, కాలువ: ఉత్తర తెలంగాణ నదీతీర బంకమట్టి నేలల చరిత్ర

చరిత్ర పాఠ్యాంశంలో మట్టి గురించిన వ్యాసం ఎందుకు అనే సందేహం మీకు కలగవచ్చు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో భూమిశిస్తు, పంటల మార్పు, సాగునీటి ప్రాజెక్టుల గురించి చదివేటప్పుడు ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పడిన నీరు ఏ నేలలో ఇంకింది, ఏ నేలలో నిలిచిపోయింది? ఈ వ్యాసంలో నీరు నిలిచే నేలలను పరిశీలిద్దాం.

నేల స్వభావం

ఆదిలాబాద్ పశ్చిమ భాగంలో దక్కన్ లావా రాళ్లు శిథిలమై నల్లరేగడి ఏర్పడింది. కరీంనగర్ వైపు రాయి ఎక్కువగా గ్రానైటు. అందువల్ల మెరకల మీద ఎర్రచెల్కలు, పల్లాలలో నల్లమట్టి కనిపిస్తాయి. భూవిజ్ఞానంలో ఈ నల్లనేలకు స్థిరపడిన ‘రేగుర్’ అనే పేరు మన ‘రేగడి’ నుంచే వెళ్లింది.

పెన్‌గంగ, ప్రాణహిత, మానేరు, గోదావరి ఒడ్డున ఉన్న నేలల కథ కొంత వేరు. డెల్టాలో ఉన్నట్టు ఇక్కడ వరద మైదానం విశాలమైనది కాదు, నది వెంట సన్నని పట్టీలా సాగుతుంది. వరద గట్టు దాటినప్పుడు బరువైన ఇసుక ముందుగా ఒడ్డునే దిగుతుంది. దానితో ఒడ్డు కొంచెం మెరకవుతుంది. సన్నని బంకమట్టి నీటితోపాటు లోపలి పల్లం దాకా పోయి, నీరు కదలకుండా నిలిచిన చోట నెమ్మదిగా పేరుకుంటుంది. వరద తగ్గిన తరువాత ఆ నీరు నదికి తిరిగి వెళ్లాలంటే ఒడ్డు మెరక అడ్డు. కిందికి ఇంకాలంటే బంకమట్టి అడ్డు. రెండు దారులూ మూసుకుపోయిన నేల ఇది.

ఎండాకాలంలో ఇదే నేల నెర్రెలు బారుతుంది. తొలివానలకు నీరు ఆ నెర్రెలలోంచి వేగంగా లోపలికి పోతుంది. మట్టి ఉబ్బి నెర్రెలు పూడుకున్న తరువాత ఇంకడం దాదాపు ఆగిపోతుంది. మట్టి రంధ్రాలలో గాలికి చోటు ఉండదు, వేళ్లకు ప్రాణవాయువు అందదు. పత్తి, మొక్కజొన్న ఎక్కువ రోజులు తట్టుకోలేవు. వరి కాండంలో గాలి గదులు ఉండటం వల్ల అది నిలదొక్కుకుంటుంది. ఇటువంటి పొలంలో మీటరు లోతు గొయ్యి తవ్వితే బూడిదరంగు మట్టిలో తుప్పురంగు మచ్చలు కనిపిస్తాయి. కొంతకాలం నీరు, కొంతకాలం గాలి నిలిచినందుకు అవి గుర్తులు.

ఖుష్కీ కాలం

కాలువలు రాకముందు రైతు ఈ నేలతో పోరాడలేదు, దాని స్వభావానికి తగినట్టు సాగు చేశాడు. లోతైన రేగళ్లను చాలాచోట్ల వానాకాలమంతా బీడుగా ఉంచి, వానలు వెనుకపట్టాక పదును చూసి యాసంగి జొన్న, శనగ, కుసుమ విత్తేవారు. మట్టి పట్టి ఉంచిన తేమతోనే పంట చేతికి వచ్చేది. పదును తప్పితే మాత్రం దుక్కి సాగదు. తడిగా ఉంటే నాగలి దిగబడుతుంది, ఆరితే బెడ్డలు లేస్తాయి. వానాకాలంలో భూమిని ఖాళీగా వదలడాన్ని సోమరితనంగా భావించడం సరికాదు.

శిస్తు లెక్కలలో కూడా ఈ స్వభావం నమోదైంది. 1847లో బొంబాయి రాష్ట్రంలో గోల్డ్‌స్మిడ్, వింగేట్ ప్రభృతులు రూపొందించిన సర్వే పద్ధతి మట్టిని రంగు, లోతులను బట్టి తొమ్మిది తరగతులుగా విభజించింది. మీద నీరు ఎక్కువగా నిలవడాన్ని, ప్రవాహం పొలం మీదుగా పారడాన్ని దోషాలుగా గుర్తించి తరగతిని తగ్గించేది. తరువాత హైదరాబాద్ రాజ్యంలో చేపట్టిన సర్వే సెటిల్‌మెంటుకు బొంబాయి పద్ధతే నమూనా. ఖుష్కీ, తరీ అనే మెట్ట, మాగాణి విభజన రికార్డులలో స్థిరపడింది.

కాలువ వచ్చిన తరువాత

1963 జులై 26న పోచంపాడు వద్ద నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టే నేటి శ్రీరాంసాగర్. కాకతీయ కాలువ కరీంనగర్ ప్రాంతం గుండా మానేరు దాకా, అక్కడి నుంచి ఇంకా దిగువకు నీరు తెచ్చింది. ఆయకట్టులో చాలా భాగాన్ని ఆరుతడి పంటలకే ఉద్దేశించారు. ఆచరణలో కాలువ పైభాగాన వరి విస్తరించింది. చివరి భూములకు నీరు చాలలేదు, పైభాగంలోని పల్లపు భూములకు జాలు పట్టింది.

దీనికి రైతు అత్యాశను కారణంగా చూపడం సులభం. ఆ వాదన నాకు సబబుగా తోచదు. పై మడిలో వరి నాటితే ఊట కింది పొలంలోకి దిగుతుంది. అక్కడ జొన్న, పెసర వేసినా వేళ్లు కుళ్లుతాయి. కింది రైతుకు మిగిలింది వరి ఒక్కటే. అంటే పంటను నిర్ణయించింది అతని ఇష్టం కాదు, పక్క పొలం నీరు. దీనికి పరిష్కారం పొలం వరకు చేరే మురుగు కాలువ. 1974-75లో మొదలైన కేంద్ర ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమంలో పంట కాలువలు, వారబందీతో పాటు మురుగు కాలువలూ భాగమే. అయితే కాలువకు జరిగే శంకుస్థాపన మురుగు కాలువకు జరగదు! పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ రేగళ్లలో వానాకాలం పంట కూడా తీయడానికి వెడల్పైన మడులు, వాటి మధ్య నీరు పోయే చాళ్లతో ఒక పద్ధతి రూపొందించింది. అయితే అది వర్షాధార పొలానికి ఉద్దేశించినది. పై మడి నుంచి ఊట ఆగకుండా దిగే ఆయకట్టు పల్లానికి ఆ చాళ్లు మాత్రమే చాలవు.

నదీతీరంలో సమస్య మరో రూపంలో కొనసాగుతోంది. 1986 ఆగస్టులో, 2022 జులైలో గోదావరికి భారీ వరదలు వచ్చాయి. రెండోసారి కడెం ప్రాజెక్టు ప్రమాదపు అంచుకు చేరింది, మంచిర్యాల, మంథని నీట మునిగాయి. 2019లో ప్రారంభమైన కాళేశ్వరం బ్యారేజీల వెనుక నీటివల్ల పొలాలు మునుగుతున్నాయని చెన్నూరు, మంథని ప్రాంతాల రైతులు ఫిర్యాదు చేశారు. నదిలో నీటిమట్టం ఎక్కువగా ఉన్నంతకాలం వాగుల నీరు అందులో కలవలేదు, పక్కనున్న బంకమట్టి పొలం త్వరగా ఆరలేదు.

స్థానిక చరిత్ర రాయదలచిన విద్యార్థులకు ఒక ఆధారం అందుబాటులో ఉంది. మీ గ్రామపు 1954-55 ఖాస్రా పహాణీలో ఒక పల్లపు సర్వే నంబరును తీసుకుని, అప్పుడు అది ఖుష్కీయా, తరీయా చూడండి. నేడు అక్కడ ఏ పంట ఉందో, ఎప్పటి నుంచి ఉందో ఊరి పెద్దలను అడిగి రాసుకోండి. కాలువ వచ్చిన సంవత్సరంతో పోల్చండి.