మతిస్థిమితం లేని నిందితుడు: నేర న్యాయ చరిత్రలో ఒక పరిశీలన

నేరం చేసినవారిని శిక్షించాలనే విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అయితే తాను ఏం చేస్తున్నాడో తెలియని స్థితిలో ఒక మనిషి మరొకరి ప్రాణం తీస్తే అతణ్ణి ఏం చేయాలి? శిక్షిస్తే న్యాయమనిపించదు. వదిలేస్తే సమాజానికి భయం. ఈ రెండింటి మధ్య చట్టం మూడు వందల ఏళ్లుగా దారి వెతుక్కుంటూనే ఉంది. ఆ దారిని ఈ పాఠంలో తెలుసుకుందాం. చదువుతున్నంతసేపూ రెండు ప్రశ్నలను వేరువేరుగా గుర్తుంచుకోండి. ఒకటి, అతడు నేరానికి బాధ్యుడా? రెండు, బాధ్యుడు కాడని తేలాక అతడు ఎక్కడికి వెళతాడు?

1. ఇంగ్లండులో తొలి అడుగులు

మన నేర చట్టానికి మూలం ఇంగ్లండు చట్టం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. 1724లో ఆర్నాల్డ్ అనే వ్యక్తిపై జరిగిన విచారణలో న్యాయమూర్తి ట్రేసీ చాలా కఠినమైన ప్రమాణం పెట్టాడు. పసిబిడ్డకో పశువుకో అడవి మృగానికో ఉన్నపాటి తెలివి కూడా లేనివాడైతేనే శిక్ష తప్పుతుందని దాని సారాంశం. ఆర్నాల్డ్‌కు మరణశిక్ష పడింది, తరువాత దాన్ని తగ్గించారు.

1800 మే 15న లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో జేమ్స్ హ్యాడ్‌ఫీల్డ్ అనే మాజీ సైనికుడు మూడవ జార్జి రాజుపై తుపాకీ పేల్చాడు. గురి తప్పింది. యుద్ధంలో అతని తలకు తీవ్రమైన గాయాలయ్యాయి. తాను చనిపోతేనే లోకానికి రక్షణ కలుగుతుందని అతని భ్రమ. రాజును చంపబోతే తనకు మరణశిక్ష తప్పదనే కాల్చాడు. అతనికి తెలివి పూర్తిగా పోలేదని మీరు గమనించాలి. కాల్పులకు ఏ శిక్ష పడుతుందో అతనికి బాగా తెలుసు. అయినా ఆ పని భ్రమ నుంచే పుట్టిందని న్యాయవాది థామస్ ఎర్స్‌కిన్ వాదించి గెలిచాడు.

అప్పుడే రెండవ ప్రశ్న ఎదురైంది. నిర్దోషిగా తేలినవాణ్ణి నిర్బంధంలో ఉంచడానికి స్పష్టమైన చట్టం లేదు. పార్లమెంటు అదే ఏడాది హడావుడిగా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఇలాంటివారిని రాజు ఇష్టం తెలిసేవరకు నిర్బంధంలో ఉంచవచ్చు. గడువేమీ లేదు. హ్యాడ్‌ఫీల్డ్ 1841లో బెత్లెం ఆసుపత్రిలో నిర్బంధంలోనే చనిపోయాడు.

2. మెక్‌నాటెన్ సూత్రాలు

1843 జనవరిలో డేనియల్ మెక్‌నాటెన్ అనే వ్యక్తి ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను కాల్చి చంపాడు. టోరీలు తనను వెంటాడి వేధిస్తున్నారని అతని భ్రమ. జ్యూరీ అతణ్ణి నిర్దోషిగా తేల్చడంతో దేశంలో గగ్గోలు పుట్టింది. విక్టోరియా రాణి కూడా అసంతృప్తి తెలిపింది. ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిపించి ప్రశ్నలు అడిగింది. వారి సమాధానాలే మెక్‌నాటెన్ సూత్రాలు. వాటి ప్రకారం, మానసిక వ్యాధి వల్ల తన చర్య స్వభావం నిందితుడికి తెలిసి ఉండకూడదు, లేదా అది తప్పని తెలిసి ఉండకూడదు. అంటే భ్రమ ఉందా అనే ప్రశ్న వెనక్కి వెళ్లి, తెలిసిందా లేదా అనే ప్రశ్న ముందుకు వచ్చింది.

3. భారతదేశంలో

మెకాలే 1837 ముసాయిదాలో మతి చలించిన స్థితి వల్ల చేసిన పని నేరం కాదని క్లుప్తంగా ఉంది. 1860 భారతీయ శిక్షాస్మృతిలోని 84వ సెక్షన్‌కు వచ్చేసరికి మెక్‌నాటెన్ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. పని చేసే సమయంలో మతిస్థిమితం లేనందువల్ల ఆ పని స్వభావం గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అన్న సంగతి గాని తెలుసుకోలేని వ్యక్తి చేసినది నేరం కాదు. 1971లో లా కమిషన్ తన 42వ నివేదికలో ఈ సెక్షన్‌ను మార్చనక్కరలేదన్నది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఇది 22వ సెక్షన్.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరపడే అంశం ఒకటుంది. వైద్యుడి ధ్రువపత్రం ఉంటే శిక్ష తప్పిపోతుందని అనుకుంటారు. అది నిజం కాదు. వైద్యం దృష్టిలో రోగి అయినంత మాత్రాన చట్టం మినహాయింపు ఇవ్వదు. నేరం జరిగిన ఆ సమయంలో తెలుసుకునే శక్తి లేదని చూపాలి. అందుకే కోర్టులు ఘటనకు ముందు, ఘటన సమయంలో, ఆ తరువాత నిందితుడి ప్రవర్తన ఎలా ఉందో పరిశీలిస్తాయి.

మరి రుజువు భారం ఎవరిది? సాక్ష్య చట్టం దాన్ని నిందితుడిపైనే పెట్టింది. అయితే దాహ్యాభాయ్ ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు 1964లో ఒక ఊరట కల్పించింది. ఆ తీర్పు రాసినది రాజమండ్రిలో పుట్టిన మన జస్టిస్ కోకా సుబ్బారావు. నిందితుడు తన వాదనను సివిల్ దావాలో లాగా సంభావ్యత మేరకు చూపితే చాలు. అది కూడా చూపలేకపోయినా, అతడు తెచ్చిన సాక్ష్యం వల్ల నేర ఉద్దేశంపై సహేతుకమైన సందేహం కలిగితే ఆ ప్రయోజనం అతనికి దక్కుతుంది. ఎందుకంటే నేర ఉద్దేశాన్ని రుజువు చేసే భారం ఎప్పుడూ ప్రాసిక్యూషన్‌దే. ఆ కేసులో మాత్రం వాస్తవాలను బట్టి శిక్ష ఖాయమైంది.

4. తీర్పు తరువాత

84వ సెక్షన్ కింద నిర్దోషిగా తేలినవారు వెంటనే ఇంటికి వెళ్లలేరు. ఆ పని వారు చేశారో లేదో కోర్టు తీర్పులో స్పష్టంగా చెప్పాలి. చేశారని తేలితే సురక్షిత నిర్బంధానికి పంపాలి, లేదా తగిన పూచీకత్తుపై బంధువుకో స్నేహితుడికో అప్పగించాలి. ప్రమాదం లేదని అధికారులు ధ్రువీకరిస్తే ప్రభుత్వం విడుదల చేయవచ్చు. విచారణను అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్నవారి సంగతి వేరు. వారి విషయంలో విచారణే వాయిదా పడుతుంది. తీర్పు అనేదే రాదు.

ఈ రెండవ వర్గం వారి కష్టం ఎంత తీవ్రమో అస్సాంలోని ఒక ఉదంతం చెబుతుంది. 1951లో అరెస్టయిన ఒక గిరిజన యువకుణ్ణి తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో వైద్యులు అతను కోలుకున్నాడన్నారు. అయినా ఇంటికి పంపకుండా జైలుకు తరలించారు. విచారణ జరగనే లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ జోక్యంతో 2005లో బయటకు వచ్చేసరికి 54 ఏళ్లు గడిచిపోయాయి. అతనిపై ఏ కోర్టూ నేరం రుజువు చేయలేదు. అతణ్ణి గుర్తుచేసేవారు లేకపోవడమే అతనికి శిక్షయింది.

5. ముగింపు

1724 నుంచి నేటివరకు న్యాయస్థానాల శ్రద్ధంతా మొదటి ప్రశ్నపైనే నిలిచింది. ఎవరు బాధ్యులు కారో తేల్చడంలో చట్టం చాలా సూక్ష్మంగా ఎదిగింది. రెండవ ప్రశ్నకు మాత్రం సమాధానం చాలాకాలం రాజు ఇష్టం మీద, తరువాత ప్రభుత్వ ఫైళ్ల కదలిక మీద ఆధారపడింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది. ఆ హక్కు జైలు గోడల లోపలికి ఎంతవరకు చేరుతుందన్నదే ఇక మిగిలిన పరీక్ష.

ఆలోచించండి: శిక్షకు గడువు ఉంటుంది. మరి చికిత్స పేరుతో పెట్టిన నిర్బంధానికి గడువు ఎవరు నిర్ణయించాలి? కోర్టా, వైద్యులా, ప్రభుత్వమా? పై ఉదంతాలలో రెండింటిని ఆధారంగా తీసుకుని మీ సమాధానాన్ని పది వాక్యాలలో రాయండి.